కింద మనిషి ఉన్నాడు

"చేసుకున్నవాడికి చేసుకున్నంత."

మొన్న ఆ మాట అన్నది డిటెక్టివమ్మే. మ్యాన్‌హోల్లోంచి పైకి తీసిన శవాన్ని ఒక్క చూపు చూసి, తనని పిలిపించిన ఇన్సూరెన్స్ ఉద్యోగితో, "పూడిక తియ్యడానికి అంత పెద్ద రోబో ఉండగా ఈయనెందుకు దిగినట్టు? చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనేసి వెనక్కి తిరిగింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. ఆమె చనిపోయినవాడి భార్య అని తర్వాత ఎవరో చెప్పారు.

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. మాట వినపడిందన్నట్టు ఒక్కసారి తల ఊపి పక్కకి తప్పుకుంది, అంతే.

డిటెక్టివమ్మ ఈ వృత్తిలో తినని తిట్టు లేదు. దొంగలు తిట్టారు, దొరలు తిట్టారు, ఫీజు ఇచ్చినవాళ్ళూ తిట్టారు. అన్నీ అరిగిపోయాయి. ఆ తల ఊపడం మాత్రం అరగలేదు. రెండు రాత్రులు కళ్ళు మూసుకుంటే అదే కనపడింది. అందుకే ఈ పొద్దున, ఎవరూ పంపకుండానే, ఆ ఇంటి తలుపు కొట్టింది.

ఒకటే గది. కిటికీ కింద కుట్టుమిషను, దాని సూది కింద ఒక చెయ్యి మాత్రమే కుట్టిన చొక్కా. గోడకి ఆనుకుని ఆ ఇల్లాలి తమ్ముడు కూర్చున్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, నేల మీది గళ్ళు లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు.

"మొన్న నేనన్న మాట..." అని మొదలుపెట్టింది డిటెక్టివమ్మ.

"కూర్చోండమ్మా" అంది ఇల్లాలు. "అది కాదు, ఆయనెందుకు దిగాడో అది చెప్పండి. మీరు కూడా అదే అడిగారు కదా."

క్షమాపణ పక్కన పెట్టి, డిటెక్టివమ్మ కుర్చీ లాక్కుని తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"మీ బావా నువ్వూ ఒకే చోట పనిచేసేవాళ్ళు కదా. ఆ రోజు నువ్వెక్కడున్నావు?"

"గెస్టులకి కుర్చీలు వేస్తున్నా."

"ఎంతసేపు?"

"పదిదాకా. తర్వాత టీలు పంచా."

"బావని ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"తొమ్మిదిన్నరకి. అలా పక్కకి పోయొస్తా అన్నాడు."

"రోబో ఎన్నింటికి మొదలైంది?"

"పదీ పదికి. కొంచెంసేపు చేసి ఆగిపోయింది. తర్వాతే బావ దిగినట్టున్నాడు. నేను చూళ్ళేదు." పాఠం అప్పజెప్పినట్టు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

ఇల్లాలు టీ గ్లాసులు తెచ్చింది. తమ్ముడు చెయ్యి తియ్యలేదు. "అందుకోరా, కాలుతోంది" అని ఆమె కసిరేసరికి తప్పక వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు. అరచేయి గ్లాసుకి తగలకుండా గొడుగులా పైకెత్తి ఉంచాడు. ఆ ఒక్క క్షణం చాలు. రెండు అరచేతులకీ అడ్డంగా తోలు లేచిపోయి, కింది ఎర్రటి చర్మం తడిగా మెరుస్తోంది.

"కుర్చీలు మోస్తే చేతులు అలా అవుతాయా?"

"టెంటు తాళ్ళు కట్టా."

"తాడు కడితే కాయ కాస్తుంది బాబూ. చేతుల్లోంచి తాడు జారిపోతే తోలు లేస్తుంది. బరువున్న తాడు, ఎంత పట్టుకున్నా ఆగని తాడు."

తమ్ముడి మోకాలి మీద టీ ఒలికింది. చురుక్కుమన్నట్టే లేదు వాడికి.

"పొద్దున ఇద్దరూ కలిసే వెళ్ళారు" అంది ఇల్లాలు, చొక్కా మీది దారం పోగు తీస్తూ. "సంచిలో పాత నిక్కరూ బనీనూ పెట్టుకున్నాడు. గెస్టులొచ్చే చోటికి అవెందుకంటే నవ్వాడు. మూడు నెలలుగా అదే నవ్వు. 'ఏనుగొచ్చాక నాకు దిగే పనే లేదే, ఇక ఆఫీసరు ఉద్యోగమే' అనేవాడు. వాళ్ళు ఆ రోబోని ఏనుగంటారమ్మా, తొండముంటుందని. మరి ఆఫీసరు ఒంటికి ఆ వాసనేంటి? సబ్బులు అరిగిపోయాయి కానీ వాసన పోలేదు. నా ముక్కుకి తెలుసు, ఆయన ఇంకా దిగుతున్నాడని. నోరు తెరిచి అడగలేదు. అడిగితే ఉన్న పని కూడా పోతుందేమోనని. అడిగుంటే..."

"అక్కా, ఆపు!" తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఇప్పటిదాకా గొణిగినవాడు ఒక్కసారి అరిచేసరికి గదంతా ఉలిక్కిపడింది. "నువ్వేం చేశావని? నీ తప్పేంటి ఇందులో?"

"నీ తప్పుందా మరి?" అంది డిటెక్టివమ్మ, మెల్లిగా.

వాడు ఆమె వైపు చూశాడు. పెదవి కదిలింది. ఇంకొక్క క్షణం ఆమె నోరు మూసుకుని కూర్చుంటే చెప్పేసేవాడేమో. కానీ పాత అలవాటు ఊరుకోనివ్వలేదు. "తాడు నీ చేతిలోనే ఉందా?" అని అడిగేసింది. తెరుచుకుంటున్న తలుపు మళ్ళీ మూసుకుపోయింది.

"పనికి టైమైంది" అని, గుమ్మం వెనక నుంచి ఏదో అందుకుని, చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే వెళ్ళిపోయాడు.

*

సంఘటన జరిగిన వీధిలో ఏనుగు ఇంకా నిలబడి ఉంది. శవాన్ని తియ్యడానికి పక్కకి జరిపి, పోలీసులు మళ్ళీ ఉన్నచోటే నిలబెట్టి సీలు వేశారు. మ్యాన్‌హోల్ నోటి చుట్టూ మూడు ఇనుప కాళ్ళు పాతి, మధ్యలోంచి తొండం కిందికి వేలాడేసుకుని. తొండం చివర పళ్ళున్న బకెట్. చుట్టూ పోలీసు రిబ్బను. కాపలా పోలీసు నీడ వెతుక్కుంటూ వెళ్ళాడు. రోబోని తయారుచేసిన ఇంజినీరమ్మాయి అరుగు మీద ఒళ్ళో ట్యాబ్లెట్ పెట్టుకుని కూర్చుంది. రెండు రోజులుగా తల దువ్వుకున్నట్టు లేదు. పక్కనే సూటాయన.

సూటాయన రోబో కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసరు. ఎండయినా వానయినా కోటు విప్పడు. అంతకు ముందు నాలుగేళ్ళు డిటెక్టివమ్మ దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా ఇప్పుడు ఆమె మీదే ప్రయోగిస్తుంటాడు.

"గురువుగారూ! మొన్నే తేల్చేశారు కదా, మళ్ళీ ఈ ఎండలో ఏంటి?"

"తేల్చింది తప్పేమోనని. నువ్వెందుకొచ్చావు?"

"మా ఏనుగుకి కాపలా. చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నారుగా."

"మనిషికి ఆ సామెత లేదు పాపం" అంటూ ఆమె రిబ్బను కింద నుంచి దూరింది. మోకాళ్ళు మొరాయించినా లెక్కచెయ్యకుండా బకెట్ దగ్గర గొంతుక్కూర్చుంది. "దీని వయసెంత?"

"మూడు నెలలు" అంది ఇంజినీరమ్మాయి.

"ఎన్ని గుంతలు శుభ్రం చేసింది?"

సమాధానం సూటాయన చెప్పాడు. "నాలుగు వీధులు. ప్రతిసారీ బకెట్ నిండా పూడిక, పేపర్లో ఫొటో."

"ఇసకా రాళ్ళూ గాజుపెంకులూ ఉండే పూడిక. మా ఇంట్లో తోట తవ్వే పారకి వారంలో రంగు పోయింది. దీని పళ్ళకి పసుపు రంగు పెచ్చు కూడా లేవలేదు. ఇది తవ్వలేదు. ఎవరో తవ్వి ఇందులో నింపారు."

ఇంజినీరమ్మాయి తల పైకెత్తింది. సూటాయన నవ్వాడు. "రంగు మంచిదండీ. ఇంపోర్టెడ్."

"సరే, రంగు వదిలేద్దాం. ఆయన ఎప్పుడు దిగాడు?"

"ఏనుగు ఆగిపోయాక. అందరూ టీలకి లేచారు. మనోడు హీరో అవుదామని దూకాడు. లోపల గ్యాసు. కథ కంచికి."

"ఏ దారిన దూకాడు?"

"ఇదిగో, ఈ నోటినుంచే."

"ఏదీ, నువ్వు దూకు."

సూటాయన నవ్వు తగ్గింది. ఇనుప కాళ్ళకీ తొండానికీ మధ్య జానెడు సందు ఉంది. పిల్లి అయితే దూరుతుందేమో. చెయ్యి పడుతుంది, భుజం పట్టదు.

"రోబోని శవం కనపడేదాకా కదపలేదని పోలీసులే చెప్పారు" అందామె. "కాబట్టి ఆగిపోయాక దిగలేదు."

"అయితే మొదలుకాకముందే దిగుంటాడు."

"మొదలుకాకముందు ఈ నోటికి మూతుంది. ఆ మూతని ఏనుగే ఎత్తింది, అందరూ చప్పట్లు కొట్టారు. అది మీ షోలో మొదటి అంకం. మూత ఎత్తకముందూ దిగలేదు, ఎత్తాకా దిగలేదు. అయినా లోపలున్నాడు. అంటే ఈ నోట్లోంచి అసలు దిగలేదు. ఇంకో నోరుంది."

ఆమె వీధి పొడుగునా నడిచింది. గెస్టుల టెంటు పీకేసినా, నేల మీద కార్పెట్ పరిచిన చోట దుమ్ము లేకుండా నలుచదరంగా మరక మిగిలింది. ముందు వరస సోఫా కాళ్ళ గుంటలు కూడా ఉన్నాయి. సరిగ్గా ఆ గుంటల మధ్య ఒక గుండ్రటి ఇనుప మూత. వీధిలో మిగతా మూతల అంచుల్లో ఏళ్ళనాటి మట్టి గట్టిపడి గడ్డి మొలిచింది. దీని అంచు మాత్రం కొత్తగా గీరినట్టుంది. వెనకే వచ్చిన సూటాయన తిన్నగా నడుస్తున్నవాడల్లా, మూత దగ్గరికొచ్చేసరికి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. డిటెక్టివమ్మ అది గమనించింది. ఎండకి ఇనుము కాలుతుందని అనుకుంది.

మూతకీ గట్టుకీ మధ్య నీలం రంగు పోగు ఒకటి ఇరుక్కుంది. గోటితో లాగితే రాలేదు. పట్టుకారుతో పీకితే వేలెడు నైలాన్ తాడు ముక్క వచ్చింది. ఒక కొస మూత కింద నలిగింది. రెండో కొస కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది.

"ఈ సోఫాలో ఎవరు కూర్చున్నారు?"

"పెద్ద ఆఫీసర్లు" అన్నాడు సూటాయన. "వాళ్ళు చెప్పిన టైముకంటే ముందే ఊడిపడ్డారు. కార్పెట్ కూడా అప్పటికి పరచలేదు. నా తిప్పలు నావి."

"ఒక మనిషిని తాడు కట్టి ఇక్కణ్ణుంచి దింపారు. కింద నడిచి వెళ్ళి, ఏనుగు బకెట్ నింపి, మళ్ళీ ఇటే రావాలి. గెస్టులు ముందే వచ్చేసరికి తాడు కోసి, మూత పెట్టి, పైన కార్పెట్ పరిచి, దాని మీద సోఫా వేశారు. పెద్దమనుషులు ఆయన దారి మీద కూర్చుని చప్పట్లు కొట్టారు."

"ఊహాగానం" అన్నాడు సూటాయన. "తాడు ముక్క ఎన్నాళ్ళదో ఎవరికి తెలుసు?"

"ఈ పాప చెబుతుంది." డిటెక్టివమ్మ ఇంజినీరమ్మాయి వైపు తిరిగింది. "అమ్మాయీ, కింద మనిషుంటే నీ ఏనుగుకి తెలియదా?"

"తెలుస్తుంది" అంది ఆ అమ్మాయి. చాలాసేపటికి, "తెలిసేది" అని సవరించుకుంది.

"ఒకసారి నడిపి చూపించు."

"సీలు వేసింది పోలీసులు! ముట్టుకుంటే కేసు" అని సూటాయన అడ్డం వచ్చాడు. ఇంజినీరమ్మాయి అతని మాట వినలేదు. ట్యాబ్లెట్ మీద వేలు పెట్టింది. ఏనుగు ఒళ్ళు విరుచుకున్నట్టు మూలిగింది. తొండం పైకి లేచి, కిందికి దిగడం మొదలుపెట్టింది. డిటెక్టివమ్మ గట్టు మీద బోర్లా పడుకుని, ఆ జానెడు సందులోంచి కుడిచెయ్యి భుజందాకా లోపలికి దించింది. తొండానికున్న కెమెరా ముందే వేళ్ళు ఆడించింది. ఏనుగు ఆగలేదు. మాట్లాడలేదు. బకెట్ పళ్ళు మోచేతిని గోడకి నొక్కుతూ దిగుతున్నాయి.

"చెయ్యి తియ్యండి!" అని అరిచి, ఇంజినీరమ్మాయి పరిగెత్తుకొచ్చి రోబో పక్కనున్న ఎర్ర బటన్ మీద అరచేత్తో బాదింది.

తొండం ఆగింది. డిటెక్టివమ్మ చెయ్యి లాక్కుంది. మోచేతి మీద చర్మం గీరుకుపోయింది. ఇంజినీరమ్మాయి అక్కడే కూలబడి, ఎర్ర బటన్ మీది చెయ్యి తియ్యకుండా వెక్కడం మొదలుపెట్టింది.

"దాని నోరు నేనే నొక్కేశాను."

"ఎప్పుడు?"

"ఆ రోజే. అందరి ముందూ. తొండం సగం దిగగానే ఆగి, 'కింద మనిషి ఉన్నాడు' అంది. మేనేజరు గారు నా వైపు చూశారు. మళ్ళీ నడిపాను. మళ్ళీ అదే మాట. గెస్టులు నవ్వుతున్నారు. మూడోసారికి మేనేజరు గారు నా చెవి దగ్గరికొచ్చి, 'దాని అబద్ధాల నోరు ముయ్యి, లేదా నువ్వు ఇంటికి పో' అన్నారు. మూసేశాను."

"మనిషున్నాడేమోనన్న అనుమానం రాలేదా?"

"రాలేదు మేడమ్. ఎందుకంటే అది ప్రతిసారీ అదే అనేది. నాలుగు వీధుల్లో నాలుగుసార్లూ. పైనుంచి చూస్తే ఎవరూ కనపడరు. సెన్సర్ చెడిందనుకున్నాను. మూడు నెలలుగా తిండీ నిద్రా మానేసి ఆ జబ్బు వెతికాను. ఎంత వెతికినా దొరకలేదు." కొంగు లేక చేతులతోనే ముఖం కప్పుకుంది. "జబ్బు లేదు కాబట్టే దొరకలేదు. నేను చేసినవాటిలో నిజం చెప్పింది అదొక్కటే."

డిటెక్టివమ్మ మోచెయ్యి పట్టుకుని ఆమె పక్కన కూర్చుంది. అడగక తప్పని ప్రశ్న ఇంకొకటి ఉంది. అడగాలనిపించలేదు.

"నోరు మూసేశాక ఏమైంది?"

"కిందికి దిగింది. ఒకచోట తట్టుకుని ఆగింది. పూడిక గట్టిగా ఉందనుకుని ఇంకా కిందికి నొక్కాను." ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "మెట్లన్నీ ఆ గోడకే ఉన్నాయి మేడమ్. వెలుతురు చూసి ఆయన ఎక్కబోయి ఉంటాడు. నా తొండమే అడ్డం."

సూటాయన టై వదులు చేసుకున్నాడు.

"నోరు మూసింది ఈ ఒక్కదానికేనా?" అంది డిటెక్టివమ్మ, ఉన్నట్టుండి.

ఇంజినీరమ్మాయి ముఖం పాలిపోయింది. "అన్నిటికీ. నిన్న సాయంత్రం మేనేజరు గారు దగ్గరుండి చేయించారు."

"ఈరోజు ఎక్కడైనా నడుస్తోందా?"

"ఆసుపత్రి వెనక వీధిలో. రెండో ఏనుగు. ఆఖరి పరీక్ష. పదకొండింటికి."

అప్పుడే డిటెక్టివమ్మ ఫోన్ మోగింది. ఇల్లాలు. "అమ్మా, తమ్ముడి చెప్పుల దగ్గర సంచి ఉండాలి, ఆయనది. ఆ నిక్కరూ బనీనూ ఉన్న సంచి. ఆసుపత్రివాళ్ళు తిరిగి ఇచ్చారు, ఉతకడానికి మనసొప్పక గుమ్మం వెనక పెట్టా. వాడు పట్టుకుపోయాడు. ఫోన్ చేస్తే, 'బావ పని మిగిలిపోయిందక్కా, నేను చేసొస్తా' అని పెట్టేశాడు. ఏం పనమ్మా అది? వాడు కుర్చీలు వేసేవాడు కదా?"

డిటెక్టివమ్మకి గుమ్మం వెనక నుంచి ఏదో అందుకున్న చెయ్యి గుర్తొచ్చింది. తన కళ్ళ ముందే పట్టుకుపోయాడు. అడగకూడని ప్రశ్న అడిగింది, ఆపాల్సిన మనిషిని ఆపలేదు.

"నేను తీసుకొస్తానమ్మా" అని ఫోన్ పెట్టేసి గడియారం చూసింది. పదీ యాభై అయింది. ఆమె స్కూటరు వీధి చివర ఉంది. ఇంజినీరమ్మాయి రెండో రోబో నడిపేవాడికి ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. ఎత్తడం లేదు. "ఇక్కణ్ణుంచి ఆపలేవా?" అంటే, "పక్కనున్న బటన్ నొక్కాల్సిందే" అంది.

సూటాయన జేబులోంచి కారు తాళాలు తీశాడు. "ఎక్కండి" అన్నాడు.

*

ఆసుపత్రి వెనక వీధిలో టెంటు, కార్పెట్, సోఫాలు. అచ్చు మొన్నటిలాగే. మేనేజరు మైకు పట్టుకుని, "ఇక ఏ తల్లి బిడ్డా ఈ గోతుల్లోకి దిగే అవసరం లేదు" అంటున్నాడు. చప్పట్లు. రెండో ఏనుగు తొండం అప్పటికే సగం లోపలుంది.

కారు పూర్తిగా ఆగకముందే ఇంజినీరమ్మాయి దూకేసింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఎర్ర బటన్ నొక్కింది. తొండం ఆగింది. మేనేజరు ఆమె రెక్క పట్టుకుని, "పిచ్చి పట్టిందా?" అన్నాడు, మైకు ఆన్‌లో ఉందని మర్చిపోయి. "పట్టింది! మూడు నెలలు ఆలస్యంగా పట్టింది!" అన్న ఆమె అరుపు కూడా వీధంతా వినపడింది.

డిటెక్టివమ్మ రోబో దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా ముందు వరస సోఫా దగ్గరికి వెళ్ళింది.

"లేవండి సార్."

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు పెద్ద ఆఫీసరు.

"మీరు కూర్చున్నది మనిషి నెత్తిన. లేవండి!"

ఆయన లేచాడో ఆమే లేపిందో ఎవరూ చెప్పలేరు. సోఫా పక్కకి జరిగింది. కార్పెట్ చుట్టుకుపోయింది. కింద ఇనుప మూత. సూటాయన టెంటు గుంజ ఒకటి పీకి, మూత సందులో దూర్చి, పళ్ళు బిగపట్టి ఎత్తాడు. మూత పక్కకి దొర్లింది. గుప్పున వాసన. గెస్టులు ముక్కులు మూసుకుని వెనక్కి తగ్గారు.

ఈసారి తాడే లేదు. తాడుంటే కనపడుతుందని ముందే మానేసినట్టున్నారు.

డిటెక్టివమ్మ బోర్లా పడుకుని తల లోపలికి పెట్టింది. "బాబూ! ఉన్నావా?"

చీకటి. నీటి చప్పుడు. తర్వాత చాలా దగ్గర్లోనే గొంతు వినపడింది. ముద్దముద్దగా, నిద్రమత్తులో మాట్లాడినట్టు.

"వెళ్ళిపోండి మేడమ్."

"తాడు దింపుతున్నా. నడుముకి కట్టుకో."

"వద్దు. బావ లోపల్నుంచి మూత కొట్టాడు. నేను పైన కార్పెట్ మీద నిలబడి టీలు పంచా. నా కాళ్ళకి తెలుస్తూనే ఉంది."

ఆమె కళ్ళు మండాయి. గ్యాసుకేనని తనకి తాను చెప్పుకుంది. వెనక సూటాయన టెంటు తాళ్ళు విప్పి ముడి వేస్తున్నాడు. కోటు ఎప్పుడు విప్పాడో, కార్పెట్ మీద నలిగి పడి ఉంది.

"విను" అంది ఆమె, చీకట్లోకి. "నేను నిన్ను ఓదార్చడానికి రాలేదు. నువ్వు చేసింది చిన్నది కాదు. కానీ నీ అక్క గుమ్మంలో కూర్చుని నీకోసం చూస్తోంది. పొద్దున నీ ముందు ఆమె తన తప్పు ఒప్పుకుంది, గుర్తుందా? చెయ్యని తప్పు. నువ్వొచ్చి నిజం చెప్పకపోతే జీవితాంతం అదే అనుకుంటుంది, అడిగుంటే బతికేవాడని. ఆ బరువు ఆమె నెత్తిన పెట్టి నువ్వు ఇక్కడ హాయిగా పడుకుంటావా?"

ఆమె తాడు వదిలింది. తాడు కొస కిందికెళ్ళి నీళ్ళల్లో తేలుతూ అటూ ఇటూ ఊగింది. ఎంతకీ ఊగడం ఆగలేదు. మేనేజరు ఎవరితోనో ఫోన్‌లో, "చిన్న టెక్నికల్ సమస్య" అంటున్నాడు.

తాడు బిగిసింది.

"లాగు!" అని అరిచింది డిటెక్టివమ్మ. సూటాయన కాళ్ళు గట్టుకి తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగాడు. ఇంజినీరమ్మాయి వచ్చి అతని వెనక తాడు పట్టుకుంది. ఎవరో వార్డుబాయ్‌లు కూడా చెయ్యి వేశారు. ముందు బురద పట్టిన తల, తర్వాత భుజాలు, మనిషి మొత్తం గట్టు మీదికి వచ్చి చేపలా పడ్డాడు. ఎవరో ఆక్సిజన్ మాస్కు తెచ్చి ముక్కుకి పెట్టారు. ఛాతీ ఎగిసింది. దగ్గాడు. కళ్ళు తెరిచాడు.

తెరిచిన కళ్ళకి మొదట కనపడింది సూటాయన. తమ్ముడు మోచేతుల మీద వెనక్కి పాకాడు. మాస్కు లాగేశాడు.

"ఈయనే" అన్నాడు.

"ఎవరు?" అంది డిటెక్టివమ్మ.

"మొన్న గెస్టులు ముందే వచ్చినప్పుడు పరిగెత్తుకొచ్చాడు. నా చేతిలో తాడు చూసి, 'పెద్దవాళ్ళొచ్చే దారిలో ఇదేంటి అసహ్యంగా, కోసెయ్, మూత పెట్టు, కార్పెట్ పరిచెయ్' అన్నాడు. నా దగ్గర కత్తి లేకపోతే ఆయనే ఇచ్చాడు మేడమ్. కోస్తుంటే కింద బావ గుంజాడు, తాడు నా అరచేతుల్లోంచి జారిపోయింది. నేను నోరు తెరిచేలోగా గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు."

మూత చుట్టూ తిరిగి నడిచిన ఆ అడుగులు డిటెక్టివమ్మకి ఇప్పుడు అర్థమయ్యాయి. ఎండకి కాదు. దాన్ని తొక్కడానికి కాలు రాక.

ఆమె లేచి శిష్యుడి ముందుకి వెళ్ళింది. చొక్కా అంతా బురద. తాడు ఇంకా చేతుల్లోనే ఉంది. వదలాలన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు.

"లోపల మనిషున్నాడని తెలుసా నీకు?"

"తెలియదు" అన్నాడు సూటాయన.

ఆమె కళ్ళు తిప్పుకోలేదు. అతను కాసేపు ఆ చూపు ఓర్చుకున్నాడు. తర్వాత తల దించుకున్నాడు.

"తాడు రెండో కొస ఎక్కడికి పోయిందో చూడలేదు గురువుగారూ. చూస్తే తెలిసిపోయేది. అందుకే చూడలేదు."